విత్తు నుంచి విస్తరి దాకా: పిల్లలే పండించి, వండి, వడ్డించే కార్తీక భోజనం

నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలు ఓ పదిమంది కలిస్తే, తాము పెంచిన తోటకూరతో పప్పు వండి, తాము కోసిన బెండకాయలు వేయించి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి వడ్డించగలరు. దానికి ఎనిమిది తొమ్మిది వారాలు చాలు. పెరడు ఉంటే మంచిదే. లేకపోతే అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఎండ తగిలే ఒక మూల సరిపోతుంది.

మన ప్రాంతంలో దీనికి కార్తీక వనభోజనాన్ని మించిన సందర్భం లేదు. వానలు తగ్గి, ఎండ మెత్తబడి, ఆకుకూరలు ఏపుగా ఎదిగే కాలం అది. అందరూ ఆరుబయట కలిసి తినడం ఎలాగూ ఉన్న అలవాటే. లక్కపిడతలు ముందు పెట్టుకుని ఆడే బువ్వాలాట పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ ఆ పప్పు నిజంగా ఉడుకుతుంది, అంతే తేడా.

మొదలుపెట్టే ముందు పెద్దలంతా ఒక మాట మీద ఉండాలి. విత్తడం దగ్గర్నుంచి వడ్డించడం వరకు పని పిల్లల చేతుల్లోనే ఉండాలి. మనం ఇవ్వాల్సింది చోటు, సమయం, పొయ్యి దగ్గర కాపలా. సాలు వంకర పోయిందని సరిచేస్తే, నీళ్లు ఒలికాయని చెంబు లాక్కుంటే, ఆ మొక్క ఇక మనది అయిపోతుంది. మనదైన మొక్క కూర తినమని వాళ్లను మళ్లీ మనమే బతిమాలాలి.

1. ముందు పిల్లల్ని కూడగట్టండి

ఆరుగురికి తక్కువైతే సందడి ఉండదు, పదిమంది దాటితే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియక గొడవ. ప్రతి ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండేలా చూసుకోండి. ఈ పనికి తాతయ్యలు, అమ్మమ్మలు దొరికితే అదృష్టమే. వ్యవసాయం చేసి వచ్చినవాళ్లు మీ బిల్డింగ్‌లోనే ఉంటారు, వాళ్లనెవరూ అడిగి ఉండరు.

జాబితా రాసేటప్పుడు వాచ్‌మన్ పిల్లల్ని, ఇళ్లలో పనికి వచ్చేవాళ్ల పిల్లల్ని మొదటి రోజు నుంచే చేర్చండి. చివర్లో భోజనానికి మాత్రం పిలవడం మర్యాద కాదు. నిజానికి ఊళ్లో చేను చూసిన పిల్లలకు మట్టి సంగతి మిగతావాళ్ల కన్నా బాగా తెలుసు. ఆ తెలివి నలుగురిలో కనబడే చోటు ఇది. అలాగే మగపిల్లలకు తవ్వకం, ఆడపిల్లలకు వంట అని పంచకండి. అందరూ అన్నీ చేస్తారు.

తల్లిదండ్రులను ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. వేరుశనగ, పాలు, నువ్వులు లాంటివి ఎవరికైనా పడవా? ఇంట్లో తినని పదార్థాలు ఏమైనా ఉన్నాయా? ఐదేళ్లు దాటినవాళ్లకు డీపీటీ బూస్టర్ వేయించారా? మట్టిలో చేతులు పెట్టే పని కాబట్టి ధనుర్వాతం టీకా సంగతి తేల్చుకోవాలి. ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నారో లేదో కూడా కనుక్కోండి. గోళ్లు కత్తిరించుకుని రావడం, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, మట్టి చేతులు నోట్లో పెట్టకపోవడం. ఈ మూడూ మొదటి రోజే పిల్లల చేతే చెప్పించి, బొమ్మలుగా గీయించి గోడకు అంటించండి.

2. భోజనం తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి

చాలామంది విత్తనాలు వేసేసి, పంట ఎప్పుడొస్తే అప్పుడు చూద్దాం అనుకుంటారు. పిల్లలతో అది కుదరదు. ఆకుకూర ఒక వారం, బెండకాయ ఇంకో వారం వచ్చిపోతే కలిసి వండే రోజే రాదు. కాబట్టి ముందు కార్తీకంలో ఒక ఆదివారం ఖాయం చేయండి. అక్కడి నుంచి వెనక్కి రండి.

బెండ విత్తిన 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ ఇస్తుంది. చలి మొదలైతే ఇంకాస్త ఆలస్యం. అందుకని భోజనానికి ఎనిమిది వారాల ముందు, అంటే సుమారుగా సెప్టెంబరు నెలలో, బెండ విత్తాలి. కొత్తిమీరకు 40 రోజులు కావాలి కాబట్టి ఆరు వారాల ముందు. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది, ఓ వారం అదనంగా పెట్టుకుని ఐదు వారాల ముందు వేయండి. మెంతికూర అన్నిటికన్నా త్వరగా వస్తుంది, మూడున్నర నాలుగు వారాలు చాలు. తోటకూర, మెంతి మాత్రం రెండు విడతలుగా, వారం తేడాతో వేయండి. అక్టోబరులో ఒక్క వాయుగుండం పట్టిందంటే లేత మొలకలు నేలకు అంటుకుపోతాయి. రెండో విడత ఉంటే టెన్షన్ ఉండదు.

ఇదంతా ఒక పెద్ద కాగితం మీద వారాల గళ్లుగా గీసి, ఏ గడిలో ఏ విత్తనమో బొమ్మ వేయించండి. చదవడం రాని పిల్లలకు అదే క్యాలెండర్. రోజూ ఒక గడి కొట్టేయడం కోసం పోటీ పడతారు.

3. చోటు, తొట్లు, మట్టి

రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ ఉండాలి, నీళ్ల కుళాయి దగ్గర్లో ఉండాలి. మిద్దె మీదైతే తొట్లను పిట్టగోడకు ఆనించి పెట్టకండి. పిల్లలు తొట్టి ఎక్కి కిందికి తొంగిచూస్తారు. గోడకు నాలుగడుగులు ఇవతల వరసగా పెట్టి, పెద్దవాళ్లు ఎవరూ లేనప్పుడు మిద్దె తలుపుకు తాళం వేయండి. దీంట్లో మొహమాటం వద్దు.

బెండకు అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న గ్రో బ్యాగులు లేదా పాత నీళ్ల బకెట్లు పిల్లవాడికి ఒకటి చొప్పున కావాలి. పైన మరో రెండు మూడు ఎక్కువ పెట్టండి, వాటి అవసరం తర్వాత వస్తుంది. ఆకుకూరలకు ఆరేడు అంగుళాల లోతు చాలు కానీ వెడల్పుగా ఉండాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్లు తోటకూరకు నాలుగు, మెంతికి రెండు, కొత్తిమీరకు ఒకటి. అన్నిటికీ అడుగున రంధ్రాలు తప్పనిసరి.

మట్టికి నేను వాడేది సాదా లెక్క. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, నానబెట్టి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు, తొట్టికి గుప్పెడు వేపపిండి. ఎర్రమట్టి రోడ్డు పక్క నుంచో, పాత గోడలు కూల్చిన చోటు నుంచో తేవద్దు. పాత పెయింట్లలోని సీసం అలాంటి మట్టిలో ఉండొచ్చు, అది చిన్నపిల్లలకు ప్రమాదం. పశువుల ఎరువు పేడ వాసన కొట్టకూడదు, గుప్పిట్లో నలిపితే పొడిపొడిగా రాలాలి. పచ్చి పేడ, పేడతో కలిపే జీవామృతం పిల్లల చేతికి ఇవ్వకండి, వండుకునే ఆకుల మీద చల్లకండి. జీవామృతం మీద నమ్మకం ఉన్నవాళ్లు బెండ మొక్క మొదలు దగ్గర పెద్దల చేత్తో పోసుకోవచ్చు.

మట్టి కలపడానికి ఒక పూట మొత్తం వదిలేయండి. పాత దుప్పటి పరిచి, మూడు కుప్పలు పోసి, చేతులతో కలపమనండి. గడ్డలు నలపడం, వానపాము కనబడితే కేకలు వేయడం, దాన్ని ఏ తొట్టిలో వేయాలో తేల్చుకోలేక పోట్లాడుకోవడం, ఇవన్నీ పనిలో భాగమే. తొందరపెట్టకండి.

4. విత్తనాల రంగు చూడండి

ఇది చాలా ముఖ్యం, పెద్దగా ఎవరూ చెప్పరు. దుకాణంలో దొరికే బెండ, టమాటా విత్తనాల్లో చాలావాటికి గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగు పూత ఉంటుంది. అందం కోసం వేసింది కాదు. బూజు తెగుళ్లు రాకుండా పట్టించిన థైరమ్ లాంటి మందు అది. అలాంటి విత్తనాన్ని పిల్లలు ముట్టుకోకూడదు. చిన్నవాళ్లకైతే అది మిఠాయి గింజలా కనబడుతుంది.

మందు పట్టించని విత్తనం కావాలని అడిగి కొనండి. మిద్దె తోటలు పెంచేవాళ్లు సొంత విత్తనం దాచుకుంటారు, అడిగితే సంతోషంగా ఇస్తారు. ఊళ్లో పెద్దమ్మో, మేనత్తో ఉంటే ఇంకా మంచిది. మెంతులు, ధనియాలు, పెసలు వంటింటి డబ్బాలోవే పనికొస్తాయి, మరీ పాతవి కాకపోతే చాలు. ధనియాలు వేయించినవి మొలవవు.

5. మొదటి వారం పెసర మొలకలు తినిపించండి

ఎనిమిది వారాలు అంటే ఐదేళ్ల పిల్లకు అంతులేని కాలం. అందుకని మట్టి పని మొదలుపెట్టిన వారమే పెసలు నానబెట్టించండి. రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, తడిగుడ్డలో మూట కట్టి, గిన్నెలో పెట్టి మూత వేయాలి. మర్నాటికల్లా తెల్లటి తోకలు వస్తాయి. మొలకలు పచ్చివి పెట్టకుండా ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. వెచ్చటి తడిలో మొలకలతో పాటు కడుపు పాడుచేసే క్రిములు కూడా పెరుగుతాయి. చల్లారాక ఉప్పు, నిమ్మరసం, కొబ్బరి తురుము కలపడం పిల్లల పని. గింజ మొలుస్తుంది, మొలిచింది తినొచ్చు అన్న సంగతి మూడు రోజుల్లో వాళ్ల చేతికి అందుతుంది. తర్వాత ఎదురుచూడటం కాస్త సులువవుతుంది.

తెలంగాణలో లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. మీ గుంపులో ఆ ఇంటి పిల్ల ఉంటే, బుట్ట ఎలా సిద్ధం చేస్తారో తననే చెప్పమనండి.

6. విత్తే రోజులు

బెండ గింజల్ని ముందు రోజు రాత్రి నీళ్లలో వేయండి. ఒక్కో తొట్టిలో రెండు చోట్ల, చూపుడువేలు మొదటి కణుపు లోతు గుంట పెట్టి, ఒక్కో గింజ వేసి మట్టి కప్పాలి. ఐస్‌క్రీమ్ పుల్ల మీద పేరు రాసి గుచ్చాలి. రాయడం రానివాళ్లు తమకు నచ్చిన గుర్తు వేసుకుంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. మొలక రావడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది, ఈలోగా కనీసం ఇద్దరు ముగ్గురు మట్టి తవ్వి చూస్తారు. వద్దంటే మనం లేనప్పుడు చూస్తారు. దానికి విరుగుడు ఒక గాజు సీసా. సీసా లోపలి గోడకు తడిపిన కాటన్ గుడ్డ ఆనించి, గుడ్డకూ గాజుకూ మధ్య నాలుగు బెండ గింజలు ఇరికించండి. మట్టిలో ఏం జరుగుతోందో ఆ సీసాలో కనబడుతుంది. తెల్లటి వేరు ముందు కిందికి దిగడం, తర్వాత కాడ వంగి పైకి లేవడం, నల్లటి పెంకును తలమీద మోసుకుంటూ రెండాకులు విచ్చుకోవడం. పొద్దున్నే బడికి పోయే ముందు సీసా చుట్టూ చేరతారు.

తోటకూర గింజలు గసగసాలంత ఉంటాయి, నల్లగా మెరుస్తాయి. పిల్లలు చల్లితే అన్నీ ఒకే చోట పడతాయి. ఒక చెంచా గింజలకు ఒక కప్పు పొడి ఇసుక కలిపి ఇవ్వండి, సమంగా పడతాయి. పైన మట్టి పల్చగా, గింజ కనబడనంత మేర చల్లితే చాలు. మెంతులు రాత్రంతా నానబెట్టి, దగ్గరదగ్గరగా చల్లి, అర అంగుళం మట్టి కప్పండి. ధనియాలను మాత్రం చపాతీ కర్రతో మెల్లగా నలిపించాలి. ఒక్కో ధనియం రెండు బద్దలుగా విడిపోతుంది, ఒక్కో బద్ద ఒక్కో మొక్క. పొడి అయిపోయేంత గట్టిగా నలపకుండా చూడండి. కొత్తిమీర మొలవడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు తీసుకుంటుందని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చచ్చిపోయిందని నిర్ణయించేస్తారు.

7. ఎదురుచూసే వారాలు

నీళ్ల దగ్గరే ఎక్కువ మొక్కలు పోతాయి. ఎండబెట్టి కాదు, ముంచేసి. పదిమంది వచ్చి తలా ఒక చెంబు పోస్తే ఏ తోటకూరా బతకదు. చెంబులు దాచేసి, మూతకు సన్నటి రంధ్రాలు పెట్టిన అర లీటరు సీసాలు ఇవ్వండి. పోసే ముందు వేలు మట్టిలో మొదటి కణుపు దాకా గుచ్చి చూడాలి. వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. ఈ నియమం పెట్టాక, ఒకరు పోయబోతుంటే ఇంకొకరు "వేలు పెట్టి చూశావా?" అని అడగడం మొదలవుతుంది. మనం చెప్పాల్సిన పని ఉండదు.

తొట్ల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు డెంగీ దోమకు కావాల్సినంత చోటు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్య సిబ్బంది చెప్పే శుక్రవారం డ్రై డేని మీ తోటలోనూ పాటించండి. ఆ రోజు పళ్లేలన్నీ బోర్లించి ఆరబెట్టడం ఇద్దరు పిల్లల డ్యూటీ.

బెండ మొక్కకు నాలుగాకులు వచ్చాక తొట్టికి ఒకటే ఉంచి రెండోది తీసేయాలి. పిల్లలకు ఇది కష్టంగా ఉంటుంది. ఏది ఉంచాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, బలహీనమైనదాన్ని ఎంచుకున్నా సరే. తీసేసింది జాగ్రత్తగా వేరుతో సహా ఖాళీ తొట్టిలో నాటితే కొన్నిసార్లు బతుకుతుంది. తోటకూర పల్చన చేసేటప్పుడు ఆ బాధ లేదు. పీకిన లేత మొక్కల్ని కడిగి అదే రోజు ఎవరింటి పప్పులోనో వేయొచ్చు.

ఎవరో ఒకరి మొక్క చచ్చిపోతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి, ఆ రోజు ఏం చేయాలో కూడా. రాత్రికి రాత్రి కొత్త మొక్క మార్చి పెట్టకండి, పిల్లలు పోల్చుకుంటారు. ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఆ మొక్కను కలిసి పీకి వేర్లు చూడండి. మెత్తగా కుళ్లి ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి, వేరు కొరికి ఉంటే పురుగు, కాడ విరిగి ఉంటే బంతి తగిలిందో పిల్లి దూకిందో. ఎవరి తప్పు అని వెతక్కుండా ఎందుకు పోయిందో వెతకండి. అప్పుడు, ఎక్కువ పెట్టుకున్న ఆ రెండు మూడు తొట్లలో ఏది కావాలో తనను ఎంచుకోమనండి. పేరు పుల్ల తన చేత్తోనే మార్చి గుచ్చాలి.

ఆకుకూరల తొట్లలో అడగకుండానే మొలిచే మొక్క ఒకటుంది, పాయలకూర. తెలంగాణలో గంగవాయలి అంటారు. ఎర్రటి కాడలు, బొద్దుగా మెరిసే చిన్న ఆకులు, కొంచెం పులుపు. పప్పులో చాలా బాగుంటుంది. కానీ అలాగే నేలను పాకే పాల మొక్కలు కూడా ఉంటాయి, అవి తినకూడదు. కాడ తుంచితే తెల్లటి పాలు వస్తే అది పాయలకూర కాదు. ఏ మొక్కనైనా పెద్దవాళ్లకు చూపించకుండా నోట్లో పెట్టకూడదన్న నియమం మాత్రం ఎప్పటికీ ఉండాల్సిందే.

ఆరో వారం దాటాక బెండ పూత మొదలవుతుంది. లేత పసుపు రేకులు, నడుమ ముదురు మెరూన్ రంగు. పొద్దున విచ్చుకుని ఆ రోజే ముడుచుకుపోతుంది. పూసిన రోజు కాడకు రంగు దారం వదులుగా కట్టించి, రోజులు లెక్కపెట్టమనండి. ఐదారు రోజులకు కాయ చూపుడువేలంత అవుతుంది, అదే కోయాల్సిన సమయం. ఇంకో నాలుగు రోజులు ఆగితే పీచు కడుతుంది. ఎదురుచూసే వారాల్లో పిల్లల్ని కట్టిపడేసేది ఈ దారం లెక్కే. లెక్కలు రావని బడిలో అనిపించుకున్న పిల్ల కూడా తన కాయల రోజులు తప్పు చెప్పదు.

8. పురుగు వచ్చినప్పుడు

బెండ లేత కొమ్మలకు పేనుబంక, అంటే రసం పీల్చే సన్నటి పురుగులు, పడుతుంది. నీళ్ల సీసా గట్టిగా నొక్కి కడిగేయడం మొదటి మందు. దాని చుట్టూ ఎర్రటి అక్షింతల పురుగులు కనబడితే ముట్టుకోకండి, అవి పేనును తినడానికి వచ్చినవి. వాటి పిల్లలు నల్లగా, ముళ్లతో, పొడుగ్గా ఉంటాయి, చూస్తే శత్రువు అనుకుంటాం. భూతద్దం ఇచ్చి ఒక పేనును తినేదాకా చూడనివ్వండి. తోటకూరలో ఆకులు గూడు కట్టి లోపల పచ్చ పురుగు కూర్చుంటుంది, ఆ ఆకు తుంచేయాలి. బొచ్చు ఉన్న గొంగళిపురుగును ఉత్త చేత్తో ముట్టుకోనివ్వకండి, దద్దుర్లు వస్తాయి. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ తెగులు, ఆ మొక్క పీకేయక తప్పదు.

మరీ ఎక్కువైతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి, పిల్లలు లేనప్పుడు పెద్దలు కొట్టాలి. కోతకు వారం ముందు ఆపేయాలి. వేపనూనె సీసా పిల్లలకు అందకూడదు, అది చిన్నపిల్లల కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

9. కోసే పొద్దు

భోజనం రోజు ఎనిమిదింటికల్లా అందరూ తోటలో ఉండాలి. ఎండెక్కితే ఆకు వాడిపోతుంది. బెండ కాడలకు నూగు ఉంటుంది, దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కాలు వేయండి. ఎవరి మొక్క కాయలు వాళ్లే మొండి కత్తెరతో కోస్తారు. కాయ కొన పట్టుకుని వంచితే టక్కున విరిగితే లేతది. విరగకుండా వంగితే ముదురు, దాన్ని విత్తనానికి వదిలేయండి.

పది మొక్కల రెండు మూడు రోజుల కోత కలిపినా తలా నాలుగైదు ముక్కలే రావచ్చు. బజారు నుంచి ఇంకో అర కిలో తెచ్చి కలపాలని మనసు లాగుతుంది. తెస్తే పిల్లల ఎదుటే తెచ్చి చెప్పండి. నన్నడిగితే తేవద్దు. నాలుగు ముక్కలు పంచుకుని తినడంలో ఉన్న శ్రద్ధ పళ్లెం నిండా ఉన్నప్పుడు ఉండదు.

తోటకూర, మెంతి వేర్లతో సహా పీకకుండా రెండంగుళాలు వదిలి కత్తిరించాలి, తోటకూర మళ్లీ చిగురిస్తుంది. కోసినదంతా పెద్ద బేసిన్‌లో వేసి మూడు నీళ్లు మార్చి కడగాలి. నీళ్లు వంపేస్తే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకులకే పడుతుంది. ఆకుల్ని చేతులతో పైకి తీసి, తర్వాత నీళ్లు పారబోయాలి. ఈ కడిగే పనికి నాలుగేళ్లవాళ్లను మించినవాళ్లు లేరు. అడుగున ఎంత ఇసుక దిగిందో చూసి ప్రతిసారీ ఆశ్చర్యపోతారు.

10. వంట

పది మంది పిల్లలు, నలుగురైదుగురు పెద్దలకు: బియ్యం కిలో, కందిపప్పు 400 గ్రాములు, తోటకూర మీ తొట్లలో వచ్చినంత, టమాటాలు నాలుగు, రొట్టెలకు గోధుమపిండి అర కిలో, మజ్జిగకు పెరుగు లీటరు. కార్తీకంలో చాలా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు కాబట్టి ఈ వంటలో అవి లేవు.

పొయ్యి చుట్టూ మూడడుగుల దూరంలో చాక్‌పీస్‌తో గీత గీయండి. గీత లోపలికి పెద్దవాళ్లు మాత్రమే. కుక్కరు, తాలింపు, పెనం, అన్నం వార్చడం అన్నీ గీత లోపల. కత్తిపీట అసలు బయటికే తీయవద్దు. పచ్చిమిర్చి, ఎండుమిర్చి పిల్లలు ముట్టుకోకూడదు, ఆ చేతులతో కళ్లు నులుముకుంటారు.

గీత బయట ఎంత పని ఉందో చూడండి. తోటకూర ఆకులు తుంచడం, లేత కాడలు విరవడం చిన్నవాళ్లది. కందిపప్పును అరగంట నానబెట్టి, మూడింతల నీళ్లు, పసుపు, టమాటా ముక్కలతో పెద్దవాళ్లు కుక్కర్లో ఉడికించాలి. ఆవిరంతా పోయాక తోటకూర వేసి మూత లేకుండా పది నిమిషాలు. అప్పుడు గిన్నె దించి, గీత బయట తడిగుడ్డ మీద స్థిరంగా పెట్టి, కొంచెం చల్లారాక పప్పుగుత్తి పిల్లల చేతికివ్వండి. ఒక్కొక్కరు పది సార్లు మెదిపి పక్కవాళ్లకు ఇవ్వాలి. ఉప్పు కూడా వాళ్లే వేయాలి, చెంచాతో కొంచెం కొంచెంగా, రుచి చూస్తూ. తాలింపు ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకుతో మీరు పెట్టండి. ఎండుమిర్చి వేస్తే కాయలు కాయలుగానే వేసి, తర్వాత ఏరేయండి. చివర్లో నిమ్మరసం పిండితే రుచితో పాటు ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

బెండకాయల్ని కోసే ముందు పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవాలి, తడి ఉంటే జిగురు సాగుతుంది. తుడవడం ఐదేళ్లవాళ్లది. ఏడెనిమిదేళ్లవాళ్లు పక్కన ఒక పెద్దమనిషి కూర్చోగా చిన్న చాకుతో చక్రాలుగా కోయగలరు. రెండో చేతి వేళ్లను గోళ్లు లోపలికి ముడిచి కాయ పట్టుకోవడం ముందు అరటిపండు మీద నేర్పండి. వేపుడుకు మూత పెట్టకండి, ఉప్పు దించే ముందు వేయండి. వేయించిన వేరుశనగలు చిన్న రోట్లో మెత్తగా దంపించి పైన చల్లండి. గింజలు గింజలుగా చిన్నవాళ్లకు పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

మెంతి రొట్టెలు నిజంగా సంబరం. తరిగిన మెంతాకు, నువ్వులు, ఉప్పు, చిటికెడు పసుపు పిండిలో వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోసుకుంటూ కలపాలి. తలా నిమ్మకాయంత ఉండ ఇచ్చి ఒత్తుకోమనండి. గుండ్రంగా రావాలన్న నియమం లేదు. ఎవరి రొట్టె ఏ ఆకారంలో ఉందో గుర్తుపెట్టుకుని పెనం మీద నుంచి వాళ్లకే ఇవ్వండి, తారుమారైతే ఊరుకోరు. చివరగా మజ్జిగ. కవ్వంతో చిలకడం, రోట్లో అల్లం, ఉప్పు, కొత్తిమీర నూరి కలపడం, వంతులవారీగా.

మధ్యలో పదిన్నర ప్రాంతంలో అందరికీ ఒక అరటిపండు ఇవ్వండి. ఆకలి మీద ఉన్న నాలుగేళ్ల పిల్లతో వంట సాగదు.

11. వడ్డన

ఉసిరి చెట్టు కింద కూర్చుంటే మంచిది, లేకపోతే కుండీలో ఉసిరి కొమ్మ నాటి దాని దగ్గర విస్తళ్లు వేయండి. పిల్లలే వడ్డిస్తారు. ముందు పెద్దవాళ్లకు, తర్వాత ఒకరికొకరు. వేడి గిన్నెలు కాకుండా చిన్న గిన్నెల్లోకి తీసి, చిన్న గరిటెలు ఇవ్వండి.

తినమని ఒత్తిడి చేయకండి. "బలం వస్తుంది", "కళ్లకు మంచిది" లాంటి ప్రసంగాలు ఆ రోజుకు వద్దు. అందరి విస్తట్లోనూ చెంచాడు వేయండి, రుచి చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. ఇంట్లో ఆకుకూర కనబడితే మొహం తిప్పుకునే పిల్లవాడు తన తొట్టి పప్పు మారు అడగడం నేను చాలాసార్లు చూశాను. ముట్టనివాళ్లనూ చూశాను. వాళ్లు మరుసటి పంటకు వస్తారు, అప్పుడు తినొచ్చు. పక్కన కూర్చుని "నీ బెండకాయే ఇది" అని పెద్దవాళ్లు ఇష్టంగా తింటే ఆ పిల్లవాడికి అదే కావాలి.

గిన్నెలు కడగడం కూడా వంటలో భాగమే. రెండు బేసిన్లు, కొంచెం సబ్బు, పీచు ఇచ్చి వదిలేయండి. బట్టలు ఎలాగూ తడుస్తాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

చలి దేశాల్లో కార్తీకానికి మంచు మొదలవుతుంది కాబట్టి ఈ లెక్క పనికిరాదు. మంచు ముప్పు పూర్తిగా పోయాక, చాలా చోట్ల మే నెలలో, బెండ, తోటకూర, గోంగూర వేసి, బడులు తెరిచే ముందు ఆగస్టులో భోజనం పెట్టుకోండి. నేల వెచ్చబడక ముందు బెండ వేస్తే మొలవదు, తొందరపడొద్దు. మెంతి, కొత్తిమీరకు మండువేసవి పడదు, వాటిని వసంతంలోనో వేసవి చివర్లోనో చల్లండి.

12. తర్వాతి పంటకు

ముదిరిన బెండకాయల్ని ప్రతి మొక్కకూ ఒకటి చొప్పున చెట్టునే ఎండనివ్వండి. పూత నుంచి నెల రోజులు దాటాక గోధుమరంగుకు తిరిగి, చారల వెంట పగలడం మొదలవుతుంది. కోసి, నీడలో మరో వారం ఆరబెట్టి, గింజలు ఒలిపించండి. కాయ లోపల గదులుంటాయి, ఒక్కో గదిలో ఎన్ని గింజలో లెక్కపెట్టుకుంటారు. ఒక్క గింజకు ఇన్ని వచ్చాయా అన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.

ఖాళీ అయిన తొట్ల మట్టిని నాలుగు రోజులు ఎండబెట్టి, కొత్త ఎరువు కలిపి, డిసెంబరులో పాలకూర, ముల్లంగి వేసుకోవచ్చు. బెండ ఉన్న మట్టిలో వెంటనే మళ్లీ బెండ వద్దు. ఆరిన గింజల్ని కాగితం పొట్లాల్లో కట్టించి, మొక్క పెంచిన పిల్లల పేరు, కోసిన నెల రాయించి, గాలి చొరని డబ్బాలో దాచండి. వేసవి బెండ ఫిబ్రవరిలో విత్తాలి. అప్పుడు పొట్లాలు విప్పి, తలా నాలుగు గింజలు ఉంచుకుని, మిగిలినవి ఆ ఏడాది కొత్తగా చేరే పిల్లలకు పంచమనండి.